ఆ ఒక్క సెకను

గాలిలో గీత గీసి చూపించే కళ్లద్దాలు క్రీడా శిక్షణలోకి వచ్చేశాయి. బరువులెత్తే బిడ్డలను కన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వాటితో పనేమిటి?

సిడ్నీ, 2000 సెప్టెంబర్ 19. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు దక్కిన మొదటిసారి అది. 69 కిలోల విభాగంలో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి ఒకే ఊపులో తలపైకి లేపే స్నాచ్‌లో 110 కిలోలు, ముందు భుజాల మీదికి తెచ్చి తర్వాత తలపైకి నెట్టే క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. చైనా లిఫ్టర్ లిన్ వీనింగ్, హంగరీ లిఫ్టర్ ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 దగ్గర సమానంగా ఉన్నారు. శరీర బరువు తక్కువ కాబట్టి లిన్‌ది పైచేయి. ఇక మల్లీశ్వరికి మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. బార్ మీద 137.5 కిలోలు వేయించింది. అది లేస్తే మొత్తం 247.5, బంగారం మనదే. లేవలేదు. అయినా ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా కంచుతో తిరిగొచ్చింది.

అంత బరువు వేయించడం సరైన లెక్కేనా అన్న వాదన పాతికేళ్లుగా సాగుతూనే ఉంది. నాకు ఆ వాదన కంటే ఇంకో ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. ఆ ప్రయత్నంలో బార్ ఏ దారిన వెళ్లింది? నేల మీది బార్ భుజాల మీదికో తలపైకో చేరడానికి పట్టేది ఒక సెకను, కాస్త అటూ ఇటూ. ఆ సెకనులో చీలమండ, మోకాలు, తుంటి, భుజం ఒకదాని వెనక ఒకటి తమ వంతు పని చేయాలి. ఒకటి తొందరపడినా, ఇంకొకటి ఆలస్యమైనా బార్ రెండు మూడు అంగుళాలు ముందుకు జరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బలమున్నా లాభం లేదు. పక్కన నిలబడ్డ కోచ్ ఎంత అనుభవజ్ఞుడైనా, ఆ సెకనులో ఆయన చూపు ఒక్కచోటే నిలవగలదు. కాళ్లను చూస్తే భుజాలు తప్పిపోతాయి, బార్‌ను చూస్తే మడమలు తప్పిపోతాయి.

ఆ తప్పిపోయినదాన్ని పట్టి తెచ్చి, మనిషంత ఎత్తున కళ్ల ముందు నిలబెట్టే పరికరాలు ఇప్పుడు ఉన్నాయి. వాటిని మిక్స్‌డ్ రియాలిటీ అంటున్నారు.

లేని బౌలర్ గదిలోకి వస్తే

మిక్స్‌డ్ రియాలిటీ అన్న మాటకు స్పష్టమైన రూపం ఇచ్చింది 1994లో పాల్ మిల్‌గ్రమ్, ఫుమియో కిషినో రాసిన పరిశోధన పత్రం. ఒక కొసన మన కళ్లముందున్న ప్రపంచం, రెండో కొసన కంప్యూటర్ కల్పించిన ప్రపంచం, నడుమ రెండూ కలగలిసే జాగా అంతా మిక్స్‌డ్ రియాలిటీ అని వాళ్లు గీత గీసి చెప్పారు. వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టుకుంటే గది మాయమై స్టేడియం కనిపిస్తుంది. మిక్స్‌డ్ రియాలిటీలో గది గదిలాగే ఉంటుంది. ఆ గదిలోకే లేని బౌలర్ పరుగెత్తుకొస్తాడు.

మైక్రోసాఫ్ట్ 2016లో హోలోలెన్స్‌ను డెవలపర్ల చేతికిచ్చింది. మెటా కంపెనీ క్వెస్ట్ 3 2023లో వచ్చింది. ఆపిల్ విజన్ ప్రో 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్ల ధరతో అమెరికా మార్కెట్లోకి దిగింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ తయారీని ఆపేసింది. ఏ క్రీడా సంస్థ అయినా కొనేముందు ఈ చివరి సంగతిని గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ యంత్రాల ఆయుష్షు తక్కువ.

క్రీడల్లో దీని తొలి పెద్ద ప్రయోగాలు అమెరికన్ ఫుట్‌బాల్‌లో జరిగాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జట్టుకు ఒకప్పుడు ఆడిన డెరెక్ బెల్చ్, అక్కడి ఆచార్యుడు జెరెమీ బేలెన్సన్ ల్యాబ్‌లో చేసిన పనితో 2015లో స్ట్రైవర్ అనే కంపెనీ పెట్టాడు. మైదానంలో 360 డిగ్రీల కెమెరా పెట్టి ప్రత్యర్థి వరుసలను చిత్రీకరిస్తారు. జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ ఇంట్లో కూర్చునే, ఒంటికి దెబ్బ తగలకుండా, అదే పరిస్థితిని పదేపదే చూసి నిర్ణయం తీసుకోవడం సాధన చేస్తాడు. 2018 శీతాకాల ఒలింపిక్స్‌కు ముందు అమెరికా స్కీయింగ్ జట్టు కూడా కొరియా కొండవాలును ఇలాగే మనసులో ముద్రించుకుంది. ఆ తర్వాత ఆ కంపెనీకి పెద్ద ఖాతాదారు ఎవరయ్యారో తెలుసా? వాల్‌మార్ట్. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి 2018లో 17,000 హెడ్‌సెట్లు పంపుతున్నట్టు ప్రకటించింది. ఆట కోసం పుట్టిన సాధనం షాపు కౌంటర్ దాకా వెళ్లగలిగినప్పుడు విజయనగరం జిల్లా నెల్లిమర్ల దాకా ఎందుకు రాకూడదని అడిగే హక్కు మనకుంది.

విజ్జీ ఓడలో రప్పించాడు

విజయనగరంలో క్రికెట్ మాట వస్తే అక్కడి రాజకుటుంబానికి చెందిన విజ్జీ గుర్తుకు రాక మానడు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు ఆయన కెప్టెన్. కెప్టెన్సీ మీద విమర్శలు ఎన్ని ఉన్నా, ఒక పని మాత్రం గొప్పగా చేశాడు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను ఇంగ్లండ్ నుంచి రప్పించి తన జట్టులో ఆడించాడు. గొప్ప ఆటగాడిని దగ్గరుండి చూడాలంటే ఆ రోజుల్లో సంస్థానం ఖజానా, ఓడ ప్రయాణం కావాలి.

2019 సెప్టెంబర్‌లో విజయనగరంలోని డాక్టర్ పీవీజీ రాజు ఏసీఏ మైదానంలో దక్షిణాఫ్రికా జట్టు బోర్డు ప్రెసిడెంట్స్ ఎలెవన్‌తో వార్మప్ మ్యాచ్ ఆడింది. టెస్టుల్లో ఓపెనర్‌గా కొత్త బాధ్యత తీసుకోబోతున్న రోహిత్ శర్మ ఆ మ్యాచ్‌లో రెండే బంతులాడి సున్నాకు అవుటయ్యాడు. అంత స్థాయి ఆటగాడికే కొత్త బంతి కొత్త ప్రశ్న వేస్తుంది. విజయనగరం, రాజాం కుర్రాడికి అలాంటి బంతి ఎదుర్కొనే అవకాశం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? నెట్స్‌లో తోటి కుర్రాళ్లు వేసే బంతులే కదా. ఇక్కడే హెడ్‌సెట్ పని మొదలవుతుంది. హైదరాబాద్‌కు చెందిన ప్రోయుగ సంస్థ 2018లో ఐబీ క్రికెట్ పేరుతో వర్చువల్ రియాలిటీ క్రికెట్‌ను తెచ్చింది. తెలుగు నేల మీద ఈ రంగంలో చెప్పుకోదగ్గ తొలి అడుగుల్లో అదొకటి. ఆటగా మొదలైన ఇలాంటివి సాధనకు ఎంతవరకు పనికొస్తాయన్నది అసలు విషయం.

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి అర సెకను. అందులో చూసి స్పందించడానికే దాదాపు 0.2 సెకన్లు పోతాయి. 2000లో మైఖేల్ లాండ్, పీటర్ మెక్‌లియోడ్ బ్యాట్స్‌మెన్ కంటిచూపును కెమెరాతో కొలిచి ఒక విషయం తేల్చారు. మంచి ఆటగాడు బంతి వెంట చూపును ఈడ్చుకుంటూ రాడు. బౌలర్ చేయి వదిలిన క్షణాన్ని చూసి, బంతి ఎక్కడ పడుతుందో అక్కడికి చూపును ముందే విసురుతాడు. ఎంత బాగా ఆడేవాడైతే అంత ముందుగా. అంటే క్రికెట్‌లో సగం ఆట బ్యాట్ కదలకముందే కంటిలో జరిగిపోతోంది. ఆ సగాన్ని హెడ్‌సెట్‌తో సాధన చేయవచ్చు. బేస్‌బాల్‌లో దీనికి రుజువు ఉంది. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో రాబ్ గ్రే 80 మంది కుర్రాళ్లతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఆటగాడి స్థాయిని బట్టి కష్టం పెంచుతూ పోయిన వర్చువల్ సాధన, నిజమైన మైదానంలో కూడా ఫలితమిచ్చింది. కష్టాన్ని పెంచుతూ పోవడమే అక్కడ కీలకం. ఊరికే బంతులు కొట్టుకుంటూ కూర్చుంటే అది వీడియో గేమే.

మిగతా సగానికి మైదానమే దిక్కు. బంతి బ్యాట్‌కు తగిలినప్పుడు మణికట్టులో పుట్టే కంపనం హెడ్‌సెట్‌లో ఉండదు. కళ్లద్దం లోపల అన్ని దూరాలూ కంటికి ఒకే దూరంలో ఫోకస్ అవుతాయి కాబట్టి ఎక్కువసేపు వాడితే కళ్లు లాగుతాయి. మే నెల ఉక్కలో పది నిమిషాలకే అద్దాల మీద ఆవిరి పడుతుంది.

ఇది బరువుల నేల

ఇంతవరకూ చెప్పినవన్నీ డబ్బున్న ఆటల సంగతులు. ఈ రెండు జిల్లాల సొంత ఆట వేరే. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని, ఇనుప గొలుసులు తెంచి కలియుగ భీముడనిపించుకున్నాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బార్ పట్టి 1994, 1995లలో ప్రపంచ ఛాంపియన్ అయింది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అయితే ఊరంతా వెయిట్‌లిఫ్టర్లే అన్నంత పేరు తెచ్చుకుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొత్తం 188 కిలోలు ఎత్తి కంచు గెలిచింది. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో దొరకడంతో ఆ కంచు వెండి అయింది.

ఇన్ని పతకాలు తెచ్చిన చోట శిక్షణ ఎలా ఉంటుంది? ఒక షెడ్డు, చెక్క ప్లాట్‌ఫారం, అంచులు అరిగిన రబ్బరు ప్లేట్లు, అరచేతులకు రాసుకునే తెల్లపొడి. అమ్మాయి బార్ దగ్గర కూర్చుంటుంది. కోచ్ నాలుగడుగుల దూరంలో పక్కవాటుగా నిలబడతాడు.

"నేలని తన్నమ్మా. బారుని ఒంటికాడే ఉంచు. ఎత్తినాక బేగి కిందకొచ్చీ."

బార్ నేల వదిలినప్పుడు మొదట కొంచెం ఒంటివైపు జరగాలి. మోకాలు దాటగానే మోకాళ్లు మళ్లీ వంగి బార్ కిందికి వస్తాయి. చాలామంది కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. తర్వాత తుంటి ఒక్కసారిగా విచ్చుకుంటుంది, మడమలు లేస్తాయి, బార్ పైకి పోతుండగానే మనిషి దాని కిందికి దూరి గొంతు కూర్చుంటుంది. పక్కనుంచి చూస్తే బార్ నడిచిన దారి నిటారు గీతలా ఉండదు, సన్నగా మెలికలు తిరుగుతుంది. ఆ మెలిక ఒకటి రెండు అంగుళాలు ఎక్కువైతే కాళ్లు ముందుకు దూకుతాయి. అనుభవమున్న కోచ్ బార్ పడిపోయాక పైకి చూడడు, ప్లాట్‌ఫారం మీద పాదాలు ఎక్కడ పడ్డాయో చూస్తాడు. "సూడు, బారు ముందుకెల్లిపోనాది" అంటాడు.

ఆ కన్ను ఈ ప్రాంతం ఆస్తి. నా వాదనంతా దీని చుట్టూనే. ఇక్కడికి వచ్చే ఏ యంత్రమైనా ఆ కంటికి జ్ఞాపకశక్తి ఇవ్వాలి, దాని స్థానంలో కూర్చోకూడదు.

క్రికెట్‌లోలాగా లిఫ్టర్ తలకు హెడ్‌సెట్ తగిలించే ఆలోచనను మొదటే పక్కన పెట్టాలి. క్వెస్ట్ 3 బరువు అర కిలో దాటుతుంది. స్నాచ్‌లో బార్ ముఖానికి దగ్గరగా పైకి పోతుంది. తల నిలకడ, చూపు నిలకడ మీదే సమతౌల్యం ఆధారపడి ఉంటుంది. నెత్తిన వంద కిలోలు ఉన్న మనిషికి కళ్లముందు బొమ్మ ఒక్క క్షణం వణికినా ప్రమాదం. వెయిట్‌లిఫ్టింగ్‌లో కళ్లద్దాలు పెట్టుకోవాల్సింది కోచ్. లిఫ్టర్ పెట్టుకున్నా బార్ కింద పెట్టాకే.

అప్పుడు ఏం కనబడుతుంది? షెడ్డు షెడ్డులాగే ఉంటుంది. ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఇందాకటి లిఫ్ట్ మనిషంత ఎత్తున మళ్లీ జరుగుతుంది, బార్ నడిచిన దారి గాలిలో గీతగా నిలిచిపోతుంది. చుట్టూ తిరిగి వెనక నుంచి, ముందు నుంచి చూడవచ్చు. నిరుడు బాగా ఎత్తినరోజు లిఫ్ట్‌ను ఇవాళ తప్పిపోయిన లిఫ్ట్ మీద పరచి, రెండు దారులూ ఎక్కడ విడిపోయాయో వేలు పెట్టి చూపించవచ్చు. దీనికి కావలసిన విద్య కొత్తదేమీ కాదు. 2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఆఫ్‌సైడ్ తేల్చడానికి స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరం మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు గుర్తించాయి. మనిషి కదలికను చుక్కలుగా మార్చే ఆ పనే ఇక్కడా కావాలి.

45 సెంటీమీటర్ల కొలబద్ద

పన్నెండు కెమెరాలు మన షెడ్డులో ఎవరు పెడతారు అని అడగవచ్చు. అక్కర్లేదు. 2020లో గూగుల్ పరిశోధకులు విడుదల చేసిన బ్లేజ్‌పోజ్ అనే సాఫ్ట్‌వేర్ మామూలు ఫోన్ కెమెరాలో కనిపించే మనిషి మీద, ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు, 33 చుక్కలు పెడుతుంది. మోకాలు ఎంత వంగింది, తుంటి ఎప్పుడు విచ్చుకుంది అన్నవి ఆ చుక్కల నుంచి లెక్కకట్టవచ్చు. కంప్యూటర్ ఉంటే కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బార్ దారిని గీయవచ్చు.

ఇందులో వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒక వరం ఉంది. పోటీల్లో వాడే పెద్ద రబ్బరు ప్లేట్లన్నిటి వ్యాసం 45 సెంటీమీటర్లే. పది కిలోల ఆకుపచ్చ ప్లేటైనా, పాతిక కిలోల ఎర్ర ప్లేటైనా అంతే. కాబట్టి ప్రతి వీడియోలోనూ కొలబద్ద ముందే ఉంది. ప్లేటు ఎన్ని పిక్సెళ్లుందో చూస్తే చాలు, బార్ ఎన్ని సెంటీమీటర్లు ముందుకు జరిగిందో, ఎంత వేగంతో లేచిందో తెలిసిపోతుంది.

ఫోన్ పెట్టడంలో మాత్రం జాగ్రత్త కావాలి. స్నాచ్‌లో బార్ సెకనుకు రెండు మీటర్ల దరిదాపుల వేగాన్ని అందుకుంటుంది. 1.8 మీటర్లు అనుకుందాం. సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు వీడియోలో ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య బార్ 6 సెంటీమీటర్లు పోయి ఉంటుంది. తప్పు ఆ మధ్యలోనే దాక్కుంటుంది. 240 ఫ్రేముల స్లోమోషన్‌లో ఆ తేడా ముప్పావు సెంటీమీటరే. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా ట్రైపాడ్ మీద, లిఫ్టర్ నడుం ఎత్తులో, ప్లేటు గుండ్రంగా కనిపించేలా సరిగ్గా పక్కనుంచి, వీలైనంత దూరంలో పెట్టాలి. దగ్గరనుంచి తీస్తే గీత వంకర పోతుంది. ఆ వంకర బార్‌దో కెమెరాదో తెలియదు.

వీడియో దొరికింది కదా అని ప్రతి లిఫ్ట్ తర్వాతా చూపిస్తే మళ్లీ నష్టమే. కదలికలు నేర్చుకోవడం మీద సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ 1984లో రాసిన ప్రసిద్ధ సమీక్ష, ప్రతిసారీ ఫలితం చెబుతూ పోతే నేర్చుకునేవాడు దాని మీదే ఆధారపడిపోతాడని హెచ్చరించింది. పోటీలో ప్లాట్‌ఫారం మీద స్క్రీన్ ఉండదు. అమ్మాయి తన ఒంటి మాట తాను వినగలగాలి. అందుకే ముందు "ఎలాగనిపించింది?" అని అడగాలి, ఆమె చెప్పాకే గీత చూపించాలి. గాబ్రియెల్ వుల్ఫ్ పరిశోధనలు ఇంకో విషయం చెప్పాయి. ఒంట్లోని కండరం మీద కంటే బయటి ఫలితం మీద మనసు పెడితే కదలిక బాగా కుదురుతుంది. "తొడ కండరాన్ని బిగించు" అనేకంటే "నేలని తన్ను" అనడమే మేలు. మన కోచ్‌లు ఏ పత్రమూ చదవకుండానే ఆ మాట వాడుతున్నారు. యంత్రం వచ్చి వాళ్ల నోట డిగ్రీలు, మిల్లీసెకన్లు పలికించకూడదు.

వీడియో ఎవరిది?

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఇక్కడ బార్ పట్టేవాళ్లలో చాలామంది బడి వయసు ఆడపిల్లలు. ఒంటికి అతుక్కునే దుస్తుల్లో సాధన చేస్తారు. తల్లిదండ్రులు ఇరుగుపొరుగు మాటలు ఎన్నో కాదని వాళ్లను పంపుతారు. ఒక్క వీడియో ఎవరి ఫోన్‌లోకో, వాట్సాప్ గ్రూపులోకో జారితే ఒక్క అమ్మాయి ఆట ఆగడంతో పోదు, ఆ వీధిలో నలుగురి ఆట ఆగిపోతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, తీసిన వీడియో నుంచి చుక్కలు, గీతలు మాత్రం దాచుకుని అసలు వీడియోను చెరిపేసే ఏర్పాటు సులువు. చుక్కల బొమ్మకు ముఖం ఉండదు. శిక్షణకు కావలసింది కూడా ఆ చుక్కలే.

ఈ పని చేయగలవాళ్లు ఎక్కడో లేరు. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది. రాజాంలో జీఎంఆర్ ఇంజినీరింగ్ విద్యాసంస్థ, విజయనగరంలో 2022లో ఏర్పడిన జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వాటిలో ఏటా వందల మంది విద్యార్థులు ఫైనలియర్ ప్రాజెక్టు కోసం విషయం వెతుక్కుంటారు. హాజరు పట్టికకు ముఖాలు గుర్తించే ప్రోగ్రాములు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. ఆ విద్యార్థుల్లో నలుగురు బస్సెక్కి కొండవెలగాడ వెళ్లి, ముందు ఒక వారం కంప్యూటర్ తెరవకుండా కోచ్ పక్కన నిలబడి ఆయన దేన్ని చూసి ఏమంటున్నారో రాసుకోవాలి. తయారు చేసేది నెట్ లేకపోయినా నడవాలి. ఖరీదు తక్కువ ఫోన్‌లో నడవాలి. బార్ దారిని గీసి, తప్పు మోకాలి దగ్గరో తుంటి దగ్గరో "ముందుకెల్లిపోనాది" అని కోచ్ అనే మాటతోనే చెప్పాలి. వీడియోను ఆ ఫోన్ దాటనివ్వకూడదు. హెడ్‌సెట్ ధర దిగివచ్చి షెడ్డులోకి వచ్చే నాటికి, దానిలో చూపించడానికి ఈ పిల్లల లిఫ్టులు మూడు నాలుగేళ్లవి పోగుపడి ఉండాలి. అలా పోగుచేయడం ఈ సీజన్‌లోనే, ఉన్న ఫోన్లతోనే మొదలుపెట్టవచ్చు.